గ్రిల్‌కు గూడు కట్టండి, చుట్టూ గోడ కాదు

పెరటి వంటిల్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో పెల్లెట్ స్మోకర్ గ్రిల్ గురించి, అంటే చెక్క గుళికలు కాల్చి ఆ వేడితో, పొగతో వండే గ్రిల్ గురించి మాటవరసకు నాలుగు ముక్కలు రాశాను. ఈ నెల ఉత్తరాల్లో సగం దాని మీదే. కాబట్టి సింకులు, టైల్స్ అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి. నేను సివిల్ ఇంజనీర్ని. మా ఇంట్లో పొగబెట్టి వండేది మా ఆయన. గోడల సంగతి నాది, మంట సంగతి ఆయనది. ఆ రెండూ కలిసే చోట మా ఇద్దరికీ జరిగిన వాదనల సారమే ఈ కింది జవాబులు.

ప్రశ్న: మేడమ్, చక్రాలున్న పెల్లెట్ గ్రిల్ కొన్నాం. దాని కాళ్లు, చక్రాలు విప్పేసి ఇటుకల గట్టులో కూర్చోబెట్టి, రెండు పక్కలా గ్రానైట్ ఆనించేస్తే చూడముచ్చటగా ఉంటుందని మేస్త్రి అంటున్నాడు. ఎంత కొలత గుంత వదలాలో చెబితే సోమవారం పని మొదలుపెడతాం.

జవాబు: సోమవారం మేస్త్రికి ప్రహరీ గోడ పనో, ఇంకోటో అప్పజెప్పండి. గ్రిల్ కాళ్ల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

ఆయన దాన్ని పొయ్యి అనుకుంటున్నాడు. పొయ్యిని గట్టులో కూర్చోబెట్టడం మేస్త్రులకు వెన్నతో పెట్టిన విద్య. ఇది మాత్రం కరెంటుతో నడిచే యంత్రం. పక్కనున్న హాపర్ పెట్టెలో చెక్కపొట్టు గుళికలు పోస్తాం. దాని అడుగున ఆగర్ అనే పొడవాటి మర తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా మంట గిన్నెలోకి తోస్తుంది. అక్కడ హాట్ రాడ్ అనే కడ్డీ ఎర్రగా కాలి గుళికలను అంటిస్తుంది, చిన్న ఫ్యాన్ గాలి ఊదుతుంది. లోపల వేడి ఎంతుందో సెన్సర్ కొలిచి చెబితే, ఆగర్ ఎంతసేపు తిరగాలో, ఎంతసేపు ఆగాలో కంట్రోలర్ తేలుస్తుంది.

దీని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఇళ్లను వెచ్చబెట్టే పరికరాల వ్యాపారంలో ఉన్న ట్రేగర్ కుటుంబం, చెక్క గుళికల హీటర్‌లోని పద్ధతినే తెచ్చి గ్రిల్‌కు పెట్టింది. 1986లో పేటెంట్ వచ్చింది. 2006లో దాని గడువు తీరాక మిగతా కంపెనీలు రంగంలోకి దూకాయి. వంశం చూస్తే ఇది హీటర్‌కు చెల్లెలు, పొయ్యికి దూరపు చుట్టం. పుట్టింటి బుద్ధులు ఎక్కడికి పోతాయి?

హాపర్ కిందా పక్కనా ఉన్న సందుల్లోంచి ఫ్యాన్ గాలి లాక్కుంటుంది. చాలా మోడళ్లలో కంట్రోలర్ బోర్డు కూడా అక్కడే ఉంటుంది. ఆ భాగాన్ని ఇటుకల మధ్య బిగిస్తే ఫ్యాన్‌కు చల్లగాలి అందదు, గ్రిల్ వదిలిన వేడిగాలీ పొగే తిరిగి అందుతాయి. బోర్డు కాగిపోతుంది. గాలి చాలక గిన్నెలో గుళికలు సరిగ్గా కాలవు, కుప్ప పడతాయి. కంట్రోలర్‌కు అదేం తెలుసు? వేడి తగ్గింది కదా అని ఇంకా గుళికలు తోయమంటుంది. ఆ కుప్ప ఒక్కసారిగా అంటుకుంటే మూత ఎగిరిపడేంత మంట లేస్తుంది. లేదా నిప్పు నెమ్మదిగా ఆగర్ గొట్టంలోంచి వెనక్కి పాకి, గుళికలు నిండుగా ఉన్న హాపర్ వైపు వస్తుంది. దీన్ని బర్న్‌బ్యాక్ అంటారు. గ్రానైట్ ఎంత బాగుంటే ఏం లాభం?

గట్టులో అమర్చడానికే తయారైన బిల్ట్‌-ఇన్ మోడళ్లు లేకపోలేదు. గుంత ఎంత వెడల్పు ఉండాలో, గాలి కంతలు ఎక్కడెక్కడ పెట్టాలో వాటి మాన్యువల్‌లో బొమ్మ గీసి ఇస్తారు. మీ మాన్యువల్‌లో అలాంటి బొమ్మ లేకపోతే మీది ఆ రకం కాదు. కాళ్లు విప్పితే వారంటీ కూడా పోయే అవకాశం ఉంది.

మరి ఏం చేయాలంటే, గట్టును రెండు ముక్కలుగా కట్టించి మధ్యలో గ్రిల్ నిలిచే గూడు వదలండి. గూడులో నేల మిగతా గచ్చుతో సమానంగా, గడప లేకుండా ఉండాలి. గ్రిల్ తన చక్రాల మీదే లోపలికి వెళ్తుంది, కడగాలన్నా రిపేరు చేయాలన్నా అలాగే బయటికి వస్తుంది. ఇంకో మాట. ఇటుక గట్టు మీ మనవలు చూస్తారు. గ్రిల్ అన్నేళ్లు ఉండదు. దాని తర్వాత కొనేది అచ్చంగా ఇదే సైజులో దొరుకుతుందని మీకెవరు మాటిచ్చారు? మా వారితో నేను గట్టిగా వాదించి నెగ్గింది ఈ ఒక్క విషయంలోనే. గూడు గ్రిల్ కొలతకు కాదు, గ్రిల్ చుట్టూ మనిషి పనిచేసే కొలతకు ఉండాలి.

ఆ కొలత కేటలాగ్ చూసి తీయకండి. గ్రిల్‌ను తీసుకెళ్లి మీరు అనుకున్న చోట నిలబెట్టి మూత పూర్తిగా ఎత్తండి. చాలా గ్రిల్స్‌లో మూత పైకి లేవడమే కాదు, వెనక్కి కూడా జరుగుతుంది. ఆ వెనక అంచు నుంచి తూకపు గుండు వేలాడదీసి, అది నేలను తాకిన చోట సుద్దముక్కతో గీత పెట్టండి. తర్వాత హాపర్ మూత. తర్వాత మిగిలిన గుళికలు దించే చిన్న తలుపు, ఇది చాలావాటికి వెనక వైపు ఉంటుంది. కొవ్వు కారి పడే బకెట్ కొక్కెం, పొగగొట్టం, పక్క బల్ల. ఒక్కొక్కటీ తెరిచి, లాగి, దించి గీత పెట్టుకుంటూ పోండి. కొవ్వు బకెట్‌ను నిండుగా ఉన్నట్టే పట్టుకుని రెండు చేతులతో బయటికి తీసి చూడండి. మోచెయ్యి ఎక్కడ తగులుతుందో అక్కడ ఇంకో గీత. అన్నీ అయ్యాక దూరం జరిగి చూస్తే, మేస్త్రి చెప్పిన గుంతకు ఈ ఆకారానికి పొంతనే ఉండదు.

గోడ ఎంత దూరం ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. మాన్యువల్‌లో ఉన్న అంకెను ఒక్క వేలు కూడా తగ్గించకండి. చెక్క కంచె, తడిక, ప్లాస్టిక్ షీటు లాంటి కాలే వస్తువులకు మామూలుగా ఇంకా ఎక్కువ దూరం అడుగుతారు. ఇటుక గోడే అయినా, మాన్యువల్ తక్కువకు ఒప్పుకున్నా, నేను అడుగుకు తక్కువ వదలను. వీలుంటే గూడు వెనక అసలు గోడే కట్టను.

గట్టు ఎత్తు మామూలుగా 90 సెంటీమీటర్లు పెడతాం. మీ గ్రిల్ కడ్డీల ఎత్తు కూడా కొలిచి, దానికి దగ్గరగా ఉండేలా చూసుకోండి. వేడి ట్రే దించి పక్కన పెట్టేటప్పుడు నడుము మీకు దణ్ణం పెడుతుంది.

ప్రశ్న: పెరట్లో గచ్చు వేయిస్తున్నాం. వాన నీళ్లు నిలవకుండా బాగా వాలు పెట్టమన్నాం. గ్రిల్ నిలబెట్టడానికి దీంతో ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. గోడల గురించి అందరూ అడుగుతారు, నేల గురించి ఎవరూ అడగరు.

ఆరుబయట గచ్చుకు మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు ఇస్తాం. నీళ్లకు అది సరిపోతుంది. కానీ గ్రిల్ లోపల మంట గిన్నె మీద ఒక వాలు రేకు ఉంటుంది. మాంసం నుంచి కారిన కొవ్వు దాని మీద పడి, ఒక పక్కకు జారి, కాలువలోంచి బకెట్‌లోకి వెళ్లాలి. ఆ వాలు కూడా పెద్దదేం కాదు. గ్రిల్ పొడవు మీటరున్నర అనుకోండి, మీ గచ్చు వాలు వల్ల ఒక చివర కంటే ఇంకో చివర మూడు సెంటీమీటర్లు దిగిపోతుంది. అది బకెట్ వైపు దిగితే మంచిదే. ఎదురు వైపు దిగితే కొవ్వు బకెట్‌కు చేరకుండా రేకు మీదే మడుగు కడుతుంది. దాని కింద మంట. ఇలాంటి గ్రిల్స్‌లో అగ్గి లేవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. గ్రిల్ పాడైంది, కంపెనీ మోసం చేసింది అని తిట్టుకుంటారు గానీ నేల సంగతి ఎవరూ చూడరు.

అందుకని గచ్చు వేసే ముందే బకెట్ గ్రిల్‌కు ఏ పక్క ఉందో చూసుకుని, నీళ్లు ఆ వైపుకో లేదా ముందుకో పోయేలా వాలు పెట్టించండి. గూడు వరకు నేల సమంగా ఉంచి, వాలు దాని బయట మొదలుపెట్టినా సరే, పైన కప్పు ఉంటే. ఇప్పటికే వేసేసినవాళ్లు గ్రిల్ లోపల, కడ్డీల మీద రసమట్టం అడ్డంగా పెట్టి చూడండి. బుడగ తేడాగా ఉంటే కాళ్ల కింద స్టీలు పలకలు పెట్టి సరిచేయండి. చెక్క ముక్కలు వద్దు, ఒక వానాకాలానికి పుచ్చిపోతాయి.

గచ్చు మందం 100 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. కింద మట్టి బాగా దిమ్మిస కొట్టించాలి. ఇటుక గట్టు బరువు గ్రిల్ బరువుకు ఎన్నో రెట్లు, కుంగేది ముందు గట్టే.

ఒకవేళ కొవ్వు అంటుకుంటే మూత తెరవకండి, నీళ్లు అసలు పోయకండి. దూరంగా ఉన్న స్విచ్ ఆపేసి, మూత మూసే ఉంచి, గాలి అందక ఆరేదాకా ఆగండి. ఆ స్విచ్ గ్రిల్ వెనక ఉంటే చెయ్యి ఎలా పెడతారు? దీని మీద ఇంకో ఉత్తరం ఉంది, చూడండి.

ప్రశ్న: కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి గ్రిల్ నడుపుతున్నాను. మా అన్నయ్య విదేశం నుంచి పంపిన గ్రిల్ ఇది. ఒక్కోసారి వేడి అనుకున్నంత రావడం లేదు. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో కూడా తెలియక టెన్షన్‌గా ఉంటుంది.

జవాబు: మీ ఒక్క ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి తమ్ముడూ.

మొదట తీగ. గ్రిల్ లాగే కరెంటు ఎక్కువేం కాదు. వెలిగించిన మొదటి కొన్ని నిమిషాలు హాట్ రాడ్ 200 నుంచి 300 వాట్లు తీసుకుంటుంది. అది ఆగాక ఫ్యాన్, ఆగర్, కంట్రోలర్ కలిపి చాలా మోడళ్లలో 50 వాట్ల చుట్టుపక్కలే. బెడద వాట్లతో కాదు, తడితో. గంటల తరబడి ఆరుబయట నడిచే ఇనుప పెట్టె అది, పట్టుకునేది తడి చేతులతో. ఆరుబయట వాడే మూతున్న సాకెట్ ఒకటి పెట్టించండి. గ్రిల్ వెనక వద్దు, పక్క గట్టు చివర, ముందు నుంచి చెయ్యి అందేలా ఉండాలి. దానికి విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పనిసరి. ఎలక్ట్రీషియన్ ‘ఇంట్లో ఎంసీబీ ఉంది కదా మేడమ్, చాలు’ అంటాడు. చాలదు. కరెంటు మోతాదు మించితే పడిపోయే ఎంసీబీ తీగను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది.

రెండోది వేడి. ముందు గ్రిల్ వెనక ప్లేటు మీద వోల్టులు ఎంతని రాశారో చూడండి. 120 అని ఉన్నదాన్ని నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెడితే హాట్ రాడ్ మీద మూడున్నర రెట్లకు పైగా పవర్ పడుతుంది, క్షణాల్లో మాడిపోతుంది. మీది 120దే అయి కూడా నడుస్తోందంటే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే ఉంటారు. అది వోల్టేజీని దించుతుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్‌కు తయారైన ఏసీ మోటారు 50 హెర్ట్జ్ మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. ఆగర్ నెమ్మదిస్తే గుళికలు తక్కువ పడతాయి, ఫ్యాన్ కూడా మందగిస్తుంది. మీ గ్రిల్ నీరసానికి ఇదే కారణం కావచ్చు. డీసీ మోటార్లున్న కొత్త మోడళ్లకు ఈ గొడవ లేదు. మోటార్ల మీద చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, టార్చి వేసి చదవండి.

మూడోది కరెంటు కోత. మామూలుగా గ్రిల్ ఆపితే ఫ్యాన్ ఇంకాసేపు తిరిగి గిన్నెలో మిగిలినవి కాల్చేసి అప్పుడు ఆగుతుంది. కరెంటు పోతే ఆ అవకాశం ఉండదు. గుళికలు కుమిలిపోతూ పొగ చిమ్ముతాయి. వాట్లు తక్కువ కాబట్టి చిన్న ఇన్వర్టర్ ఉన్నా గండం గడుస్తుంది. అది లేకపోతే కరెంటు పోగానే ప్లగ్గు తీసేయండి, లేదంటే మీరు చూడనప్పుడు కరెంటొచ్చి తనంతట తాను మొదలైపోయే మోడళ్లున్నాయి. మళ్లీ వెలిగించే ముందు పూర్తిగా చల్లారనిచ్చి, మూత తెరిచి, కడ్డీలు తీసి, గిన్నెలో ఎంత కుప్ప ఉందో కళ్లారా చూడండి. ఎక్కువుంటే తీసేయండి. మూత వేసి ఉంచి మళ్లీ స్టార్ట్ నొక్కడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ప్రశ్న: మేడమ్, వాన పడ్డ మర్నాడు ఆగర్ తిరగడం మానేసింది. లోపల గుళికలు సిమెంటులా గట్టిపడ్డాయి. గుళికల బస్తా గట్టు కింద పెట్టుకోవచ్చా?

జవాబు: గుళిక అంటే రంపపు పొట్టును బాగా నొక్కి తీసిన ముక్క, మందం దాదాపు ఆరు మిల్లీమీటర్లు. నొక్కినప్పుడు పుట్టే వేడికి చెక్కలోని లిగ్నిన్ మెత్తబడి అంటించేస్తుంది, వేరే జిగురుతో పని లేదు. మంచి గుళికలో తేమ నూటికి పది పాళ్ల లోపే. ఒకటి తీసి వేళ్ల మధ్య విరిస్తే టక్కున విరగాలి, పైన నునుపుగా మెరవాలి. నలిపితే పొడి రాలుతోందంటే తేమ పట్టింది. నీళ్లు తగిలితే ఉబ్బి మళ్లీ పొట్టయిపోతుంది. ఆగర్ గొట్టంలో ఉబ్బిన పొట్టు ఆరితే మీకు కనిపించిన ఆ సిమెంటే.

మోటారుతో బలవంతంగా తిప్పించకండి, పిన్ను విరుగుతుంది లేదా మోటారు పోతుంది. ప్లగ్గు తీసి, హాపర్ ఖాళీ చేసి, ఆగర్‌ను విప్పి బయటికి లాగి, గొట్టంలో అంటుకున్నది చెక్క పుల్లతో గీకి తీయండి. గూడు గోడకు అంటించి కట్టుకున్నవాళ్లకు ఆ మరను బయటికి లాగే జాగా ఉండదు. అందుకే పైన అంత గొంతు చించుకున్నాను.

బస్తా గట్టు కింద పెట్టుకోవచ్చు, బస్తాగా మాత్రం వద్దు. గట్టిగా మూత పడే డబ్బాలో పోసి, నేలకు జానెడు ఎత్తున అర మీద పెట్టండి. ఆ అర గ్రిల్ గూడుకు ఆనుకుని ఉండకూడదు. వాన సూచన ఉంటే వంట అయ్యాక హాపర్ ఖాళీ చేయండి. కవరు కప్పితే సరిపోతుందనుకోవద్దు, వేడి తగ్గకముందే కప్పితే లోపల ఆవిరి పట్టి అదీ ఇదీ ఒకటే అవుతుంది.

వంటకు అని రాసి ఉన్న గుళికలే కొనండి. హీటర్ల కోసం అమ్మేవాటిలో ఏ చెక్క కలిపారో, ఏమేం కలిపారో మనకు తెలియదు.

ప్రశ్న: గట్టు మీదకు ఏ రాయి మంచిది? ఫ్రేము చెక్కతో చేయించవచ్చా?

జవాబు: చెక్క ఫ్రేము వద్దు. ఇటుక, లేదా జింకు పూత ఉన్న స్టీలు ఫ్రేము మీద సిమెంటు బోర్డు. పైకి గ్రానైట్ మంచిదే, నల్లది తప్ప. ఎండలో నల్ల గ్రానైట్ మీద చెయ్యి ఆనించి చూస్తే కారణం తెలుస్తుంది. తలుపులు, అరలు స్టీలువైతే 304 రకం అడగండి. సముద్రం దగ్గరున్నవాళ్లు 316 చూడాలి. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు.

ప్రశ్న: పొగ అంతా పక్కింటివాళ్ల కిటికీలోకి వెళ్తోందని గొడవ. వండినదానికేమో పొగ వాసన సరిగ్గా పట్టడం లేదు. పైన రేకుల కప్పు వేసి చుట్టూ మూసేద్దామని మా వారి ఆలోచన.

జవాబు: చుట్టూ మూసేయడం కుదరదు, మీ వారికి నా మాటగా చెప్పండి. గుళికలు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. మూసిన వరండాలో గానీ, కారు షెడ్డులో గానీ ఈ గ్రిల్ వెలిగించకూడదు. కప్పు వేసుకోండి, వానకు మంచిదే. కాలే సరుకు వద్దు, ఎత్తు మాన్యువల్ అడిగినంత ఉండాలి, కనీసం రెండు మూడు పక్కలు బార్లా తెరిచి ఉండాలి. రేకును ఒక వైపు ఎత్తి వాలుగా వేస్తే పొగ ఆ ఎత్తు వైపు నుంచి తనంతట తానే పోతుంది.

పక్కింటి గొడవకు మందు కప్పులో లేదు, గ్రిల్ పెట్టిన చోటులో ఉంది. పునాది తీసే ముందే సాయంత్రాలు ఒక అగరొత్తి వెలిగించి ఆ చోట పెట్టి, పొగ ఎటు పోతోందో కొన్ని రోజులు చూడండి. చాలా పెరళ్లలో సాయంత్రపు గాలి పొద్దుటి గాలిలా ఉండదు. గాలి నేరుగా పొగగొట్టంలోకి కొట్టే చోటు కూడా వద్దు, లోపల వేడి నిలకడగా ఉండదు.

ఇక వాసన. దీన్ని మా వారు చెప్పగా రాస్తున్నాను. ఫ్యాన్ ఉన్న మంట శుభ్రంగా కాలుతుంది, అందుకే పొగ తక్కువ. వేడి పెంచేకొద్దీ ఇంకా తగ్గిపోతుంది. మొదటి రెండు గంటలు 80 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి, ఆ తర్వాత పెంచండి. మాంసం చల్లగా, తడిగా ఉన్నప్పుడే పొగ బాగా పడుతుంది, కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టేయవచ్చు. వెలిగించగానే వచ్చే దట్టమైన తెల్ల పొగ మాత్రం చేదు. అది పల్చబడి, కనిపించీ కనిపించనట్టు అయ్యేదాకా ఏదీ లోపల పెట్టకండి. పక్కింటివాళ్లను దగ్గించేది కూడా ఆ తెల్ల పొగే. ఇంకా కావాలంటే కంతలున్న స్టీలు గొట్టం దొరుకుతుంది. దాన్నిండా గుళికలు పోసి ఒక చివర అంటించి, కాసేపటికి మంట ఆర్పి కడ్డీల మీద పడుకోబెడితే విడిగా పొగ ఇస్తూనే ఉంటుంది.

పెద్ద మాంసం ముక్క లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి కదలకపోతే గ్రిల్ చెడిందని కంగారు పడొద్దట. పైన చెమ్మ ఆవిరవుతూ ముక్కను చల్లబరుస్తుంది, అంతే. ఆ సమయంలో మా ఆయన దగ్గరికి ఎవరూ వెళ్లరు.

ప్రశ్న: పెల్లెట్ గ్రిల్ ఉంటే పక్కన గ్యాస్ బర్నర్ దండగ కదా?

జవాబు: దండగ కాదు. చాలా పెల్లెట్ గ్రిల్స్ 230 నుంచి 260 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. నెమ్మదిగా ఉడికించడంలో వాటికి సాటి లేదు, ఎర్రగా వేయించాలంటే మాత్రం నేరు మంట కావాలి. బర్నర్‌ను గూడుకు ఎదురు చివర పెట్టండి, మధ్యలో కనీసం రెండడుగుల ఖాళీ గట్టు ఉండాలి. చాలా మోడళ్లలో హాపర్ ఎడమ పక్కన ఉంటుంది, వేడి ట్రే దించే జాగా కుడి పక్కన పెట్టుకుంటే అడ్డం రాదు.

సిలిండర్ అరలో గాలి కంతలు నేల మట్టానికి పెట్టించండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కారితే కిందకే చేరుతుంది. పైన ఒక్క కంత పెట్టి చేతులు దులుపుకునే మేస్త్రులు చాలామంది. ఆ అరకూ గ్రిల్ గూడుకూ మధ్య నిండు గోడ ఉండాలి, తీగ కోసమని దానికి బెజ్జం కొట్టకండి.

ప్రశ్న: అమ్మా, మా దగ్గర ప్రస్తుతం సగం పనికే డబ్బుంది. గట్టు ముందు కట్టాలా, గ్రిల్ ముందు కొనాలా, కప్పు ముందు వేయాలా?

జవాబు: ముందు గచ్చు, తర్వాత గ్రిల్. గట్టు, కప్పు ఆఖర్న. గ్రిల్‌ను గచ్చు మీద చక్రాలతోనే ఒక సీజన్ అంతా వాడండి. పక్కన ఒక మడత బల్ల వేసుకోండి. ఎండ ఎటు నుంచి పడుతుందో, మీరు ఎటు తిరిగి నిలబడతారో, ఇంట్లోంచి గిన్నెలు మోసుకొచ్చే దారి ఏదో అప్పుడు తెలుస్తుంది. ఈ సంగతి తేలకముందే గట్టు కట్టించుకున్నవాళ్లు పెట్టే ఉత్తరాలే నాకు ఎక్కువ వస్తాయి.

బూడిద ఎత్తే పని కూడా ఈలోపు అలవాటవుతుంది. పూర్తిగా చల్లారాక, అంటే మర్నాడు పొద్దున, గిన్నెలో బూడిద తీసి మూతున్న ఇనుప డబ్బాలో వేయాలి. చల్లారిందనిపించినా లోపల నిప్పు దాగి ఉంటుంది, ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేయకండి.

కానీ గచ్చు వేసేటప్పుడే ఒక ఖర్చు పెట్టండి, అది తర్వాత పెడితే గచ్చు పగలగొట్టాలి. ఇంటి గోడ నుంచి గట్టు రాబోయే చోటికి కరెంటు తీగకు ఒక పైపు, మంచినీళ్లకు ఒకటి, సింకు నీళ్లు పోవడానికి ఒకటి భూమిలో వేయించండి. కరెంటు పైపులో నైలాన్ తాడు ఒకటి వదిలేయండి, రేపు తీగ లాగడానికి. అన్ని చివర్లకూ మూతలు బిగించి, కాంక్రీటు పోయకముందే టేపు పక్కన పెట్టి ఫోటోలు తీయండి. గోడ నుంచి ఎంత దూరం, ఎంత లోతు అన్నది ఫోటోలో అంకెలతో కనిపించాలి. మేస్త్రికి గుర్తుంటుందిలే అనుకోకండి. గట్టు పనికి వచ్చేది వేరే మేస్త్రి కావచ్చు.